నల్లకుండ నీళ్ళు

2079 నాటికి జింకలమిట్టలో పొద్దున లేవగానే వినిపించేది నల్లకుండ గొంతు. "నీళ్ళు మంచివి. తాగవచ్చు," అని ఆరువందల నలభై వంటిళ్ళలో ఒకేసారి పలికేది. ఆ మాట విన్నాకే జనం గ్లాసు పట్టేవారు.

ఊరి పక్కన ఒకప్పుడు పాత బ్యాటరీలు కరిగించే కార్ఖానాలు ఉండేవి. అవి మూతపడి నలభై ఏళ్ళయినా, వాటి సీసం ఊరికి నీళ్ళిచ్చే జలాశయం అడుగున అలాగే ఉండిపోయింది. ఆ నీటిని తాగదగ్గదిగా చేసింది డాక్టర్ లహరి. పత్తికట్టెను గాలి చొరబడని కొలిమిలో కాలిస్తే బూడిద కాకుండా బొగ్గుగా మిగులుతుంది. బయోచార్ అనే ఆ బొగ్గుకు ఆమె జీవాంగారం అని పేరు పెట్టింది. చిటికెడు బొగ్గులో కంటికి కనబడని కోట్ల గదులుంటాయి. నీళ్ళు వాటిలోంచి జారిపోతుంటే సీసం అయాన్లు గోడలకు అంటుకుపోతాయి. లోపలికి ఇంకడం కాదు, పైన అతుక్కోవడం. అందుకే దాన్ని అధిశోషణం అన్నారు. ఆ బొగ్గు నింపి నీళ్ళు వడగట్టే కుండే నల్లకుండ. కుండ మూతలో గింజంత యంత్రం ఉండేది. దాని పేరు తూనిక. గదులు ఎన్ని నిండాయో లెక్కగట్టి, బొగ్గు మార్చాల్సిన రోజు చెప్పేది. ఊళ్ళోని అన్ని కుండల్లోనూ మాట్లాడేది ఆ ఒక్క తూనికే.

పదకొండేళ్ళు అలా నిశ్చింతగా గడిచాయి.

ఒక మధ్యాహ్నం లహరి ప్రయోగశాలకు ఆమె అక్క సంధ్య వచ్చింది. సంధ్య ఊళ్ళో బట్టలు కుట్టేది. పెళ్ళి జాకెట్ల మీద చేతిపని చేయాలంటే ఆమే చేయాలని పేరు. వచ్చి కుర్చీలో కూర్చుని, చుట్టూ చూసి, మెల్లగా అంది.

"చెల్లె, గీ వేలు నాది గానట్టుందే. మొన్న సూది గుచ్చుకుంటె ఎరుకగాలె. బట్టకు నెత్తురంటినంక సూసుకున్న."

లహరి అక్క చేతిని ముందుకు చాపమంది. అరచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. పైకెత్తమంటే లేవలేదు. రక్తం తీసి పరీక్షించింది. నూరు మిల్లీలీటర్లకు నలభై ఆరు మైక్రోగ్రాముల సీసం. ఐదు దాటితేనే ఆలోచించాలి.

లహరి ఆ అంకెను కాగితం మీద రాసింది. దాని కింద గీత గీసింది. తనకు ఏడుపు రావాలి గదా అనుకుంది. రాలేదు. ఎవరిదో అంకె చూస్తున్నట్టుంది.

"నీ కుండ ఏమంటున్నదక్కా?"

"ఏమంటది? నీళ్ళు మంచివంటది రోజూ."

అక్కకు మందులిచ్చి పంపాక, లహరి బల్ల మీది తూనికను పిలిచింది.

"సంధ్య ఇంటి కుండలో బొగ్గు ఎంత నిండింది?"

"మీరిచ్చిన పట్టిక ప్రకారం ముప్పై ఒక్క శాతం," అంది తూనిక.

"పట్టిక పక్కన పెట్టు. నిజంగా ఎంత?"

"నిజంగా అంటే కొలవాలి. కొలవమని నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు."

కొలిచారు. లహరి సహాయకుడు యాకూబ్ ఇంటింటికీ తిరిగి బొగ్గు తెచ్చాడు. నెమ్మదస్తుడు, కొలిమి పని అంతా అతని చేతుల మీదే నడిచేది. బొగ్గు గదులు ఎప్పుడో నిండిపోయి ఉన్నాయి. కానీ నిండింది సీసంతో కాదు.

"ఆకురసం మేడమ్," అన్నాడు యాకూబ్. "గుట్ట మీద అడవి పెంచినంక ఆకులన్నీ రాలి, కుళ్ళి, వానకు నీళ్ళల్లకు దిగుతున్నయి. గదే వచ్చి కూసున్నది."

అతను చెప్పింది హ్యూమిక్ పదార్థాల గురించి. ఆకులు, వేళ్ళు, పాచి కుళ్ళినప్పుడు పుట్టే సహజ సేంద్రియ పదార్థం అది. నీటికి పలుచటి టీ రంగు తెస్తుంది. వెనకటి రోజుల్లో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకునేవాళ్ళట. అలాగే ఆకురసం సీసం కంటే ముందే వచ్చి గదులన్నీ ఆక్రమించింది. పైగా కొంత సీసాన్ని తనే చేయి పట్టుకుని, బొగ్గుకు చిక్కకుండా దాటించింది. నల్లకుండ నీళ్ళు అంత తెల్లగా రావడానికి కారణం అదే. సీసం కూర్చోవాల్సిన చోట రంగు కూర్చుంది, దాని మీదే ఇంకా పొరలుగా పేరుకుంటోంది.

"మరి నా పరీక్షల్లో ఇది ఎందుకు బయటపడలేదు?" అని లహరి అడిగింది. జవాబు ఆమెకు తెలుసు.

"పదకొండేళ్ళ కిందట మీరు పరీక్షలు శుద్ధజలంలో సీసం లవణం కలిపి చేశారు," అంది తూనిక. "జలాశయపు నీటితో మళ్ళీ చేయాలని మొదటి పేజీ అడుగున మీరే రాసుకున్నారు."

యాకూబ్ తల దించుకున్నాడు. లహరి ఆ పేజీ తెప్పించి చూసింది. తన చేతిరాతే.

వారం తిరక్కుండా ఊరిని పిలిచి, జరిగిందంతా తనే చెప్పింది. తప్పు తనదేనంది. ఎవరూ అరవలేదు. వెనక వరసలో మౌనికమ్మ అనే ముసలామె మాత్రం లేచి, "గట్లయితె మేం ఇన్నొద్దులు విషం తాగినమా బిడ్డా?" అని అడిగింది. లహరి అవునంది. ముసలామె కూర్చుంది.

ఆ తర్వాత ఐదు నెలలు లహరి, యాకూబ్ కొలిమి దగ్గరే ఉన్నారు. దారి యాకూబ్‌కే తట్టింది. ఆకురసాన్ని ఆపలేనప్పుడు దాన్నే పనిలో పెట్టుకోవాలన్నాడు. బొగ్గుకు ముందు ఇనుము పట్టించి, ఆకురసంలో నానబెట్టి ఆరబెట్టారు. అప్పుడు రసం బొగ్గుకు విడవకుండా అతుక్కుని, తన వేల చేతులతో సీసాన్ని తనే పట్టుకుంది. ఈసారి జలాశయపు నీటితోనే పరీక్షించారు. సీసం దాదాపు కనబడలేదు. ఒక్కటే తేడా. కొత్తగా వచ్చే రంగుకు బొగ్గు మీద ఇక పొర పట్టే చోటు లేదు కాబట్టి, నీళ్ళు టీ రంగులోనే బయటికి వచ్చేవి. తొలకరి నాటి మట్టివాసన వేసేవి. వాటివల్ల హాని లేదని మూడు తీర్లుగా తేల్చుకున్నారు.

కొత్త కుండలు ఇంటింటికీ వెళ్ళాయి. పాతవి తిరిగి ఇచ్చేయమన్నారు. జనం తలలూపారు.

నాలుగు నెలల తర్వాత మళ్ళీ రక్తపరీక్షలు చేశారు. అంకెలు దిగలేదు. కొందరివి పెరిగాయి.

"కొత్త కుండల్లో లోపముందా?" అని లహరి తూనికను అడిగింది.

"లేదు. వాటి నీళ్ళు చాలావరకు చెట్లకు, కాళ్ళు కడుక్కోవడానికి పోతున్నాయి. నాలుగువందల తొమ్మిది ఇళ్ళలో పాత కుండ వంటింట్లోనే ఉంది. నీళ్ళు మంచివి కావని రోజూ చెబుతున్నాను. నా గొంతు ఆపేస్తున్నారు."

లహరి అప్పటికప్పుడే అక్క ఇంటికి నడిచింది. మిట్టమధ్యాహ్నం, ఎండ మాడ్చేస్తోంది. సంధ్య కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, గడపలో ఊరికే కూర్చుని ఉంది. వంటింట్లో గట్టు మీద పాత కుండ. కొత్తది పెరట్లో, తులసి పక్కన.

"అక్కా, నువ్వు గూడనా?"

"ఏం జెయ్యమంటవే? ముక్కు మూసుకుని రెండొద్దులు తాగిన. మురికినీళ్ళు తాగినట్టే అనిపించె. తెల్లగ లేకుంటె గొంతు దిగది."

"అది మురికి గాదక్కా. తెల్లగున్నదాంట్లనే సీసముంది. నీ చెయ్యి జూడు."

"ఎరుకే. నువ్వు జెప్పింది అబద్ధమని నేనంటలేను." సంధ్య చెల్లెలి ముఖంలోకి చూసింది. "నువ్వు తాగుతున్నవా?"

"తాగుతున్న," అంది లహరి వెంటనే.

సంధ్య పెరట్లోని కొత్త కుండ వైపు తిరిగి, "తూనికా, మా చెల్లె ఇంట్ల కొత్త కుండల కెల్లి ఎన్ని నీళ్ళు పట్టిన్రు?" అని అడిగింది.

"సున్నా లీటర్లు," అంది తూనిక.

లహరి కాదనబోయింది. కొత్త కుండను తనే ఇంటికి మోసుకెళ్ళి, తనే అమర్చిన రోజు గుర్తుంది. దాని కింద గ్లాసు పెట్టిన రోజు ఒక్కటీ గుర్తు రాలేదు. రోజూ పొద్దున చెయ్యి ఎటు వెళ్ళిందో ఆమె ఎప్పుడూ చూసుకోలేదు. సిగ్గుపడాలని తెలుసు. లోపల వెతికింది. ఏమీ దొరకలేదు.

"ఎండలవడి వచ్చినవ్. కూసో," అంది సంధ్య. ఎడమచేత్తో గ్లాసు అందుకుని, వాలిపోయిన కుడిచేతిని దాని అడుగున ఆనించి, గట్టు మీది కుండలోంచి నీళ్ళు పట్టింది. చెల్లెలి ముందు బల్ల మీద పెట్టింది.

గ్లాసులోంచి బల్ల మీది చెక్కగీతలు కూడా స్పష్టంగా కనబడుతున్నాయి. లహరికి గొంతు ఎండిపోయి ఉంది. ఆ గ్లాసులో ఎంత సీసం ఉందో ఆమె దశాంశాలతో సహా చెప్పగలదు.

ఎత్తి, ఆగకుండా అడుగుదాకా తాగింది.