మొక్కల పేజీలో వెడల్పు స్పేసులు

ఉదయం తొమ్మిదీ పదికి ఆఫీసు లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి లోపల బావ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. సైలెన్సర్ పిస్టల్. ఛాతీలో రెండు గుళ్ళు. ప్రాణం లేదు.

తొమ్మిదీ నలభైకి గూఢచారి కొలబద్ద తన చీఫ్ ఎదుట నిలబడ్డాడు. వెంట్రుకవాసి తేడానైనా కొలిచిగాని వదలడని అతనికా పేరు పెట్టింది బావే. పోయినవాడు సొంత అక్క మొగుడు. అయినా అతనికి ఏడుపు రాలేదు, కోపం రాలేదు. కాళ్ళూ చేతులూ ఎవరివో అరువు తెచ్చుకున్నట్టుంది.

"సెలవు కావాలంటే తీసుకో," అన్నాడు చీఫ్.

"పని చెప్పండి సార్."

చీఫ్ ఫైలు ముందుకి తోశాడు. "విదేశీ ముఠా. కుండీ మొక్కల పెంపకం మీద వెబ్‌సైట్ నడుపుతోంది. రోజూ మధ్యాహ్నం పన్నెండుకి కొత్త పేజీ. హంతకుడికి ఆర్డర్ అందులోనే వెళ్తుంది. అందకపోతే వాడు కదలడు. కోడ్ ఎక్కడ దాస్తున్నారో కనిపెట్టానని మీ బావ రాత్రి ఫోన్ చేశాడు. ఇక్కడికొచ్చి చెప్పేలోపే లేపేశారు. ఆయన సంపాదించిన ముఠా పేర్ల లిస్టు కూడా ఒంటిమీద దొరకలేదు."

"పేజీ డిజైన్ ఎవరిది?"

"అత్తరుది."

అత్తరు అనే ఆవిడ ముఠా డిజైన్ స్టూడియోలో పనిచేస్తూ ఇక్కడికి రహస్యాలు అమ్మే డబుల్ ఏజెంట్. ఆమె వెళ్ళిన గంటకి కూడా గదిలో పరిమళం వదలదు. పేజీలో ఏమీ లేదని ఆర్నెల్లుగా రిపోర్టు ఇస్తున్నది ఆవిడే.

పదకొండున్నరకి పెట్టుడు మీసం, టెక్నీషియన్ చొక్కాతో కొలబద్ద స్టూడియోలో ఉన్నాడు.

"మనీప్లాంటుకి నీళ్ళెక్కువయ్యాయి," అన్నాడు.

"అయితే ఎండలో పెట్టండి," అని సంకేతవాక్యం పూర్తిచేసి అత్తరు నవ్వింది. "చూసుకోండి. నేనేం దాస్తాను?"

అతను తన లాప్‌టాప్‌లో నిన్నటి పేజీ తెరిచాడు. "పదాల మధ్య ఖాళీలు ఒక్కలా లేవేం?"

"బ్రౌజర్ రోగమండీ. నా సిస్టంలో బాగానే ఉంది."

ఆ మాట అనని డిజైనర్ ఈ భూమ్మీద పుట్టలేదు. కొలబద్ద వైద్యం మొదలుపెట్టాడు. జూమ్ నూరు శాతానికి తెచ్చాడు. బ్రౌజర్ దాచుకున్న పాత కాపీ, అదే క్యాష్, తుడిచాడు. రెండు అంచులూ సమానం చేసే అమరిక ఖాళీలను సాగదీస్తుంది కాబట్టి దాన్నీ తీసేశాడు. బ్రౌజర్ మార్చాడు. ఖాళీలు ఇసుమంత కూడా కదల్లేదు. చివరికి ఒక్క లైను కాపీ చేసి అక్షరాల కోడ్ చూశాడు.

స్పేసులు రెండు రకాలు. ఒకటి మామూలుది. ఇంకోటి రెండు పదాలను విడిపోనివ్వకుండా ఒకే లైనులో పట్టి ఉంచేది. ఆమె సిస్టంలో ఫాంట్ మొత్తం ఉంది కాబట్టి రెండూ ఒకే వెడల్పు. సైట్ త్వరగా తెరుచుకోవాలని ఆమె ఫాంట్‌లో అక్కర్లేదనుకున్న అక్షరాలు కత్తిరించి పెట్టింది. ఆ కత్తిరింపులో రెండో స్పేసు ఎగిరిపోయింది. బ్రౌజర్ దాన్ని వేరే ఫాంట్ నుంచి తెచ్చి అతికించింది. అది కాస్త వెడల్పు. కోడ్ చదివేది హంతకుడి ఫోన్లోని ప్రోగ్రాం. మనిషి కంటికి కనపడాల్సింది కాదది. తన సిస్టంలో తప్ప ఇంకెక్కడా చూసుకోని బద్ధకమే ముఠా కొంపముంచింది.

టెలిగ్రాం మోర్స్ కోడ్‌లో లాగా మామూలు స్పేసు చుక్క, రెండోది గీత. పదకొండూ యాభై ఏడు. ఆమె స్క్రీన్ మీద ఇవాళ్టి పేజీ టైమర్‌తో సిద్ధంగా ఉంది. ఖాళీగా ఉన్న ఆమె కుర్చీలోకి జరిగి చదివాడు.

ఆసుపత్రి వెనక గేటు. పన్నెండుంపావు. లిస్టు భార్య దగ్గర. చంపి తీసుకో.

శవాన్ని తీసుకోవడానికి అక్క వెళ్ళింది అక్కడికే. తమ్ముడూ మొగుడూ కంప్యూటర్లు బాగుచేసే కంపెనీలో ఉద్యోగులని ఆమె నమ్మకం. హడావిడిలో ఫోన్ కూడా ఇంట్లోనే వదిలేసింది.

కొలబద్ద కణతకి లిప్‌స్టిక్ తగిలింది. ఒకే ఒక గుండు పట్టే పిస్టల్ రకం.

"చేతులు తియ్," అంది అత్తరు.

"మా బావని పట్టించింది నువ్వేనా?"

"నిన్న ఆయన కూడా ఈ కుర్చీలోనే కూర్చున్నాడు."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కొలబద్ద పట్టాడు, కానీ సంతోషం కూడా కలగలేదు.

"కాల్చు," అన్నాడు.

బతిమాలేవాళ్ళను, బేరమాడేవాళ్ళను ఆమె చూసింది. బస్సు వస్తే వచ్చింది, లేకపోతే లేదన్నట్టు కూర్చున్నవాణ్ణి చూడలేదు. ఒక్క క్షణం తటపటాయించింది. ఆ క్షణంలో అతను రెండో రకం స్పేసులన్నీ మామూలువిగా మార్చమని కమాండ్ ఇచ్చి ఎంటర్ నొక్కాడు. పన్నెండుకి ఇంకా రెండు సెకన్లున్నాయి. ఎడమచేతి పెన్నులోంచి మత్తుసూది ఆమె మణికట్టులో దిగింది. గుండు సీలింగులోకి పోయింది.

పన్నెండింటికి పేజీ వెలువడింది. స్పేసులన్నీ సమానం. ఎక్కడో ఒక హంతకుడు, ముళ్ళమొక్కకి వారానికోసారి నీళ్ళు చాలని రెండుసార్లు చదువుకుని ఫోన్ జేబులో పెట్టుకుని ఉంటాడు.

చీఫ్ మనుషులు అత్తరును మోసుకుపోతుండగా ఆసుపత్రి నంబరు నుంచి ఫోన్ మోగింది.

"ఎక్కడ చచ్చావురా?" అక్క గొంతు. "ఒక్కదాన్నే ఉన్నానిక్కడ. ఇక్కడ సంతకం, అక్కడ సంతకం అంటున్నారు. పొద్దున వెళ్తూ వెళ్తూ మీ బావ ఏదో పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు, దాన్నే పట్టుకుని కూర్చున్నా."

"వస్తున్నానక్కా. అది ఎవరికీ ఇవ్వకు."

"బావ పోయిన రోజు కూడా ఆ కంప్యూటర్లేనా? అంత ఏం మునిగిపోయిందిరా?"

పెట్టుడు మీసం పీకేసి, పొద్దుటి నుంచీ మొదటిసారి అతను కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏం లేదక్కా. పదాల మధ్య ఖాళీలు కాస్త ఎక్కువతక్కువగా ఉంటే, సరిచేసి వస్తున్నా."