సున్నం దాచిన గొంతు

హైదరాబాదులో ఫుట్‌పాత్‌లు తమను తామే ఊడ్చుకుంటున్నాయంటే గవర్రాజు నమ్మలేదు. ఇప్పుడు కళ్ళారా చూసి, తననీ చెత్తలో కలిపి ఊడ్చేస్తాయేమోనని అంచు పట్టుకుని నడుస్తున్నాడు. టీ మెషిన్ ఆయన వేలు ముట్టించుకుని, "షుగర్ ఎక్కువుంది బాబాయ్‌గారూ" అని చప్పటి టీ పోసింది. వీధికుక్కల మెడల్లో కూడా నంబరు బిళ్ళలే. చూస్తూ పోతే పొద్దు చాలదు. కానీ తునిలో నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన ఈ టైలరు వింతల కోసం రాలేదు. రెండేళ్ళ కింద పోయిన భార్య నూకరత్నం గొంతు ఒక్కసారి వినడానికొచ్చాడు. వీడియో తీద్దామని ఎవరు ఫోన్ ఎత్తినా నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మనిషి, ఎక్కడా రికార్డింగ్ అన్నది లేదు.

పాత బస్టాండులో డాక్టర్ ఇంద్రాణి పెట్టిన మెషిన్ గురించి పేపర్లో చదివాడు. సంగతేమిటంటే, తడి సున్నం ఆరేటప్పుడు పక్కన మాట్లాడే మాటల అదురు అందులో సన్నని గీతలుగా గడ్డకడుతుంది. లేజర్ ఆ గీతల మీద నడిచి మళ్ళీ మాటలుగా పలికిస్తుంది. కాకపోతే ఆ వేడికి పొర రాలిపోతుంది కాబట్టి ఏ మాటైనా ఒక్కసారే వినాలి.

నలభై ఆరేళ్ళ కింద, పెళ్ళయిన కొత్తలో, అప్పుడే సున్నం కొట్టిన ఈ బస్టాండు స్తంభం దగ్గరే భార్యను నిలబెట్టి టికెట్ల కోసం వెళ్ళాడు గవర్రాజు. దారి తప్పి నాలుగు గంటలు గడిస్తే గానీ తిరిగి రాలేదు. తిరుగు బస్సులో ఆవిడ కిటికీవైపు తిరిగి కూచుని, తుని దాకా పెదవి విప్పలేదు. పిల్ల ఎంత బెదిరిపోయిందో అనుకుని, ఇక ఈ జన్మలో పట్నం తీసుకురాకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ మాట మీదే ఉన్నాడు. ఆవిడా ఎన్నడూ అడగలేదు.

తప్పిపోయిన భర్తను పేరు పెట్టి పిలిచే ఉంటారని డాక్టరమ్మ, సున్నం రాలకుండా గీతల ఆకారాన్ని మాత్రం వెతికే స్క్రీన్ మీద ఆయన పేరు టైప్ చేసింది. ఒక్కటీ దొరకలేదు.

"మా ఆవిడ నా పేరు ఎలా పలుకుద్దండీ?" అన్నాడు గవర్రాజు. "మొగుడి పేరు నోటెంట రానిచ్చే కాలమా అది? ఏవండీ అనేది."

'ఏవండీ' అని కొడితే స్క్రీన్ మీద మూడొందల పన్నెండు వచ్చాయి. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఈ స్తంభం దగ్గరే మొగుళ్ళని పారేసుకున్నట్టున్నారని నవ్వింది డాక్టరమ్మ.

ఒక్కొక్కటీ వినసాగారు. ఎవరివో భార్యలు. సంచి ఎక్కడ పెట్టారని ఒకావిడ, చిల్లర సరిగ్గా తీసుకున్నారా అని ఇంకొకావిడ. గవర్రాజు తల అడ్డంగా ఊపడం, చిటికెడు సున్నం రాలడం. ఎనభై ఏడోదానికి ఆయన చెయ్యి బల్ల అంచుని పట్టేసుకుంది.

"ఏవండీ పిన్నిగారూ, ఆ రెండంతస్తుల బస్సు ఎక్కడికెళ్ళుద్ది? పైన కూచుంటే ఊరంతా కనపడుద్దా?"

మీ ఆయన ఇంకా రాలేదు, భయం వెయ్యట్లేదా అని ఎవరో పెద్దావిడ గొంతు అడిగింది. జవాబుగా గలగలమని నవ్వు.

"భయమెందుకండీ? ఆయన ఇంకాసేపు రాకపోతే బాగుణ్ణు. వచ్చారంటే ఊరికి లాక్కుపోతారు. ఇవన్నీ మళ్ళీ ఎప్పటికి చూస్తానో."

సున్నం రాలింది. మెషిన్ ఆగింది.

డాక్టరమ్మ ఆయన మొహం చూసి గొంతు తగ్గించింది. "పేరు ఎక్కడా అనలేదు కదండీ, వేరే ఎవరైనా అయ్యుండొచ్చు. ఇంకా రెండొందల పైన ఉన్నాయి. విందామా?"

సరే అనేద్దామని గవర్రాజుకి ఎంతో అనిపించింది.

"వద్దమ్మా, ఆవిడే," అన్నాడు. "అంత గట్టిగా నవ్వడం మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు గానీ, ఆ నవ్వు ఆవిడదే."