విరగని కొండ

ముప్పై ఎనిమిదేళ్ల కిందట ఒక వడ్రంగి పొద్దున్నే తిండి డబ్బా పట్టుకుని ఇంట్లోంచి వెళ్లాడు. మళ్లీ రాలేదు. శవం లేదు. కబురు లేదు.

వారం తిరక్కుండా అతని తమ్ముడు ఆ కబురూ మోసుకొచ్చాడు. తమ్ముడు రైల్వేలో పట్టాల పని చేసే గ్యాంగ్‌మన్. అన్న ఎవరో ఆడమనిషిని వెంటబెట్టుకుని రైలెక్కుతుంటే కళ్లారా చూశానన్నాడు. ఆ పూటే వడ్రంగి భార్య కత్తెర తీసి, ఇంట్లో ఉన్న ప్రతి ఫోటోలోంచీ మొగుడి మొహం కత్తిరించి పొయ్యిలో వేసింది.

ఇప్పుడు కూతురు ఒక ఫోటో తెచ్చి రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్ బల్ల మీద పెట్టింది. మూసేస్తున్న స్టూడియోలో, పాత ప్రింట్ల గుట్టలో దొరికిందట. ఆ ఇన్‌స్పెక్టర్‌ని పేటంతా భూతద్దం అంటారు. ఆ పేరు తనకు తెలియనట్టు ఆయన నటిస్తాడు.

ఫోటోలో ప్లాట్‌ఫామ్, గడియారం, పేరు కనబడని స్టేషన్ బోర్డు. వెనక కొండ. పనివాళ్ల మధ్య నవ్వుతూ వడ్రంగి.

"ఇది ఎక్కడిది, ఎప్పటిది? అది చెబితే చాలు సర్. అమ్మకి ఎక్కువ రోజుల్లేవన్నారు. నాన్న మమ్మల్ని వదిలేసి పోయాడో లేదో ఆవిడకి తెలియాలి."

"ఇది చూసి మీ బాబాయి ఏమన్నాడు?"

"చూశావా, రైలెక్కడానికే నిలబడ్డాడు అన్నాడు."

భూతద్దం ఆ చుట్టుపక్కల రైలు మార్గాలన్నీ కాళ్లరిగేలా తిరిగాడు. ఫోటోలో కొండకు రెండు భుజాలు. అలాంటి కొండ ఎక్కడా కనబడలేదు. చివరికి ఒక చిన్న స్టేషన్లో టీ తాగుతూ, ఎదురుగా ఉన్న ఒంటి భుజం కొండను చూసి గ్లాసు కింద పెట్టేశాడు.

టీ కొట్టు ఆవిడను అడిగాడు. కొత్త లైను తెరవకముందే ఒక మధ్యాహ్నం సగం కొండ జారి, కూలీల్ని మోసే పని రైలు మీద పడిందట. కొన్ని శవాలు దొరకనేలేదట. తేదీ వాకబు చేస్తే, వడ్రంగి ఇల్లు వదిలిన రోజే.

మర్నాడు తల్లి మంచం దగ్గర అందరూ చేరారు. బాబాయి గుమ్మం పక్కన నిలబడ్డాడు.

"స్టేషన్ బోర్డు ఖాళీగా ఉంది. ఫోటో వెలిసిపోయిందనుకున్నాం," అన్నాడు భూతద్దం. "వెలిసిపోతే పక్కనే గడియారం అంకెలెలా కనబడతాయి? ఊరి పేరు ఇంకా రాయలేదు. పట్టాలు చూడండి. రైళ్లు తిరిగే పట్టాలు మెరుస్తాయి. వీటికి మెరుపే లేదు. కొండ ఇంకా విరగలేదు. ఆయన ఇల్లు వదిలిన రోజు మధ్యాహ్నమే అది విరిగి పని రైలు మీద పడింది. అప్పటికి ఆ లైను మీద తిరిగేది పని రైలొక్కటే. అందులో రైల్వే వాళ్లే ఎక్కాలి. మరి వడ్రంగి చొక్కాకి రైల్వే వాళ్ల నంబరున్న ఈ ఇత్తడి బిళ్ళ ఎందుకుంది?"

జేబులోంచి తన అద్దం తీసి, ఫోటోతో పాటు తల్లి చేతికిచ్చాడు. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఇరవై ఏడు. ఇది నీ బిళ్ళే కదయ్యా," అంది మరిదితో.

బాబాయి అసలు సంగతి చెప్పేశాడు. ఆ రోజు తనకు ఒళ్లు కాలిపోయే జ్వరం. మానేస్తే ఉద్యోగం ఊడుతుంది. ఒక్కరోజే కదా, నేను వెళ్తాలే అన్నాడు అన్న. బిళ్ళ చూసి లెక్కపెట్టేవాళ్లే తప్ప మొహాలు చూసే నాథుడు లేడు. మర్నాడు తనే బతికి బయటపడ్డానని రైల్వే వాళ్లతో చెప్పుకున్నాడు.

"నిజం చెబితే ఉద్యోగం పోయేది వదినా. ఆ జీతంతోనే నీ కూతుర్ని చదివించాను."



"చచ్చిపోయిన మనిషిని ఇన్నేళ్లూ తిట్టుకుంటూ బతికాను," అందావిడ కూతురితో. పెళ్లి ఫోటో తెమ్మంది.

మొహం ఉండాల్సిన చోట కన్నం. కూతురు దాని కింద రైలు ఫోటో పెట్టింది. కన్నంలో కొండ కనిపించింది.

"కాస్త జరుపు."

ఖాళీ బోర్డు కనిపించింది.

"ఇంకాస్త."

వడ్రంగి వచ్చాడు. మొహం కన్నానికి బాగా చిన్నదైపోయింది.

"ఆఁ, అక్కడే ఉంచు," అంది తల్లి. "కదపకు."