పదకొండు కోతలు

ఎడిటర్ కుర్చీలోనే చచ్చిపోయి ఉన్నాడు. హెడ్‌ఫోన్స్ ఇంకా చెవులకే ఉన్నాయి. ఎదురుగా మానిటర్ మీద నలభై సెకన్ల వీడియో అయిపోతోంది, మళ్లీ మొదలవుతోంది. పక్కింటావిడ తలుపు తట్టేసరికి హంతకులు కాపీ చేసుకున్న హార్డ్ డిస్క్ పట్టుకుని వెనక మెట్ల మీదుగా జారుకున్నారు. కంప్యూటర్ ఆపే తీరిక వాళ్లకు లేకపోయింది.

తెర మీద మాట్లాడుతున్నవాడు ఓడరేవు క్రేన్ కార్మికుల నాయకుడు. "ఆదివారం గేటు దగ్గర ఒక్క గార్డు కూడా మిగలకూడదు" అంటున్నాడు.

అది చూస్తున్న ఆడమనిషి ముఖంలో కదలిక లేదు. రహస్య విభాగంలో ఆమె కోడ్ నేమ్ పిన్ని. వయసు యాభై రెండు. తెర మీదున్నవాడు ఆమె సొంత తమ్ముడు.

"అన్నాడా, లేదా?" అడిగాడు చీఫ్. ఆమె కన్నా పదేళ్లు పెద్దవాడు.

"గొంతు వాడిదే సార్. మాట వాడిది కాదు. మొన్న మీటింగులో నేనూ ఉన్నా. 'ఒక్క గార్డు కూడా మనల్ని చూసి భయపడకూడదు, మనలో మనకు కోపం మిగలకూడదు' అన్నాడు. నడుమ కోసేసి రెండు కొసలూ అతికించారు. అతుకు మీద చప్పట్ల షాట్ కప్పారు. కింద ఫ్యాన్ మోత పరిచారు."

చీఫ్ తలుపు గడియ వేసి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ముఠా పేరు 'లంగరు'. పెంచి పోషిస్తున్నది విదేశీ ఓడల కంపెనీ. ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకి రేవు గేటు ముందు కంపెనీ పెద్ద తెర కడుతుంది. ఎదురుగా ఎనిమిది వేల మంది కార్మికులు. గేటు మీద తుపాకులతో గార్డులు. తెర మీద ఈ వీడియో పడుతుంది.

"మొదటి గుండు నీ తమ్ముడికి. ఆ తర్వాత భద్రత పేరు చెప్పి రేవు మొత్తం కంపెనీ మింగేస్తుంది."

"అయితే పట్టుకోండి."

"ముగ్గుర్ని పట్టుకుంటే నాలుగోవాడు ఇంకో కాపీతో వస్తాడు. వాళ్ల చేత్తోనే, వాళ్ల తెర మీదే ఇది చెడాలి. ఈ ఎడిటర్ ఆఖర్లో, వీడియో తయారుచేసే ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కనన్నాడు, పోయాడు. ఇప్పుడా పని ఆదివారం వీడియో క్లాసు నడిపే మేడమ్‌కి అప్పగించారు. ఆవిడ మన ఏజెంట్."

"వాళ్ల ఏజెంట్ కూడానా?"

"అందుకే నమ్మకు. ఆ మాటకొస్తే నిన్ను కూడా నమ్మట్లేదు పిన్నీ. తమ్ముడి వ్యవహారం."

పిన్ని శవం పక్క నుంచి చెయ్యి చాపి మౌస్ అందుకుంది. 'కరెక్షన్స్' అనే ఫోల్డర్ తెరిచింది.

"పెళ్లి వీడియోలు చేసేవాళ్లకి ఒక అలవాటుంది సార్. కస్టమరు ఇవాళ తీసెయ్యమంటాడు, రేపొచ్చి ఎవడు తీసెయ్యమన్నాడని కేకలేస్తాడు. అందుకని పక్కన కూర్చుని మార్పులు చెబుతున్నంతసేపూ వెబ్‌క్యామ్ నడుస్తూనే ఉంటుంది. పాపం, వీడు హంతకుణ్ణి కూడా కస్టమర్‌లాగే చూశాడు."

ఆఖరి ఫైల్లో కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు దర్జాగా కూర్చుని ఉన్నాడు. "ఇక్కడ కోసెయ్. గేటు దగ్గర గొడవ రేగాలి, నాయకుణ్ణి కాల్చాలి. మా గార్డులు పదిమంది పోయినా పర్లేదు, మనకి సాకు దొరుకుతుంది" అని తాపీగా చెబుతున్నాడు.

"ఇది టీవీకి ఇద్దామా?" అన్నాడు చీఫ్.

"ఏ టీవీకి సార్? ఈ ఊళ్లో మూడు చానళ్లూ కంపెనీవే."

ముక్కలన్నీ వరసగా పేర్చి ఉన్న టైమ్‌లైన్ మీదకు ఆమె వంగింది. నలభై సెకన్లలో పదకొండు కోతలు. అన్నీ ఒకే పెద్ద ఫైల్లోంచి తీసినవి. ఏ ముక్క ఎన్నో నిమిషంలో మొదలై ఎక్కడ తెగిందో పదకొండూ కాగితం మీద రాసుకుంది. ఆ ఫైలు పేరూ, నిడివీ కూడా. శనివారం పొద్దున్నించి సాయంత్రం దాకా ఆఫీసు గదిలో తలుపేసుకుని కూర్చుంది.

ఆదివారం పదింటికి వీడియో క్లాసు. మేడ మీద హాలు, ఎనిమిది కంప్యూటర్లు. కుక్క వీడియోలు చేసే రిటైర్డ్ మాస్టారు, మిషన్ మీద కుట్టడం ఎలాగో చూపించే టైలరు, ఇంకో నలుగురు. పిన్ని ముతక చీర కట్టి, చెవికి వినికిడి యంత్రం పెట్టుకుని, మనవరాలి పుట్టినరోజు ఫైళ్లతో వచ్చింది. ఆమెకు మనవరాలు లేదు. వినికిడి యంత్రంలో బ్యాటరీ లేదు, మెమరీ కార్డు ఉంది.

మేడమ్ లోపలికి రాగానే హాలంతా సెంటు వాసన. బూడిదరంగు సిల్కు, ఎర్రటి గోళ్లు. ఎవర్నీ నేరుగా చూడని కళ్లు. "మనిషి కనబడకముందే గొంతు వినిపించండి. జనం మెడ తిప్పి వెతుకుతారు. దీన్ని జె-కట్ అంటారు" అని పాఠం చెబుతూ పిన్ని పక్కన ఆగింది.

"మేడమ్, షాటుకీ షాటుకీ మధ్య నక్షత్రం వచ్చేలా పెట్టొచ్చా?" అంది పిన్ని. బుద్ధున్నవాడెవడూ అడగని ట్రాన్సిషన్ అది. కోడ్ వర్డ్ కూడా అందుకే అదైంది.

"పేజీ తిప్పినట్టు పెడితే ఇంకా బావుంటుంది పిన్నిగారూ." సరైన జవాబే. గొంతులో మాత్రం తడి లేదు.

గ్లాసు తలుపు అవతల చిన్న గదిలో సెక్యూరిటీ ఆఫీసరు ఫోన్లో మాట్లాడుతున్నాడు. మేడమ్ పెదవులు కదిలీ కదలకుండా అంది: "ఎనిమిదో కంప్యూటర్. నాలుగు నిమిషాలు. ఫైలు తీసేస్తే తెర ఎర్రగా మారి పట్టిస్తుంది."

"తీసెయ్యను, మార్చేస్తాను. ప్రాక్సీలు ఆన్‌లో ఉన్నాయా?"

మేడమ్ మొదటిసారి ఆమె కళ్లలోకి చూసింది. "ఉన్నాయి."

పెద్ద ఫైళ్లతో కంప్యూటర్ నడవలేక ఈడుస్తుంది. అందుకని వాటికి చిన్న, తేలిక కాపీలు చేసుకుని ఎడిటింగ్ వాటి మీదే చేస్తారు. ఆ కాపీలే ప్రాక్సీలు. ఎక్స్‌పోర్ట్ నొక్కినప్పుడు మాత్రం సాఫ్ట్‌వేర్ వెళ్లి అసలు ఫైల్లోంచి బొమ్మ తెచ్చుకుంటుంది. అసలుదాన్ని పేరు బట్టి గుర్తుపడుతుంది తప్ప లోపల ఎవరున్నారో దానికి అనవసరం.

పిన్ని ఎనిమిదో కంప్యూటర్ దగ్గరికెళ్లి మెమరీ కార్డు గుచ్చింది. అసలు ఫైలు ఉన్న చోట, అదే పేరుతో, అదే నిడివితో తను వండిన ఫైలు పెట్టింది. అందులో ఆ పదకొండు చోట్లా ఉన్నది తమ్ముడు కాదు. ప్రాక్సీని ముట్టుకోలేదు. మూడున్నర నిమిషాలు. తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది.

ఆఫీసరు వచ్చాడు. "ఒకసారి ప్లే చెయ్."

మేడమ్ చేసింది. తెర మీద తమ్ముడు. 'ఒక్క గార్డు కూడా మిగలకూడదు.'

"బొమ్మ మసగ్గా ఉందేంటి?"

పిన్ని ఓరకంట చూసింది. ప్రాక్సీ ఆపే బటన్ మేడమ్ చూపుడువేలి కిందే ఉంది. నొక్కితే అసలు బొమ్మ వస్తుంది. ఎర్రటి గోరు ఆ బటన్ మీదకు వెళ్లింది, ఆగింది. ఇన్నాళ్లూ రెండు చోట్లా తిన్న మనిషి. ఇవాళ ఏ చేతిని కరుస్తుందో ఎవరికి తెలుసు.

"ఇది తేలిక కాపీ సార్. ఎక్స్‌పోర్ట్‌లో అసలుది వస్తుంది" అంది మేడమ్. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

"అసలుది ఒకసారి చూడొద్దూ?"

"చూడొచ్చు. అది ఈడ్చుకుంటూ ప్లే అయ్యేసరికి పన్నెండున్నర దాటుతుంది. ఆపమంటారా?"

ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. పదకొండూ నలభై ఎనిమిది. "కానియ్."

నీలం గీత పాకింది. నలభై శాతం. డెబ్భై. తొంభై ఆరు దగ్గర ఊపిరి బిగబట్టినట్టు నిలబడిపోయింది, తర్వాత నిండింది. ఆఫీసరు పెన్ డ్రైవ్ లాక్కుని మెట్లు దిగి పరుగెత్తాడు. తయారైన వీడియోని ఒక్కసారి మొదట్నించి చివరిదాకా చూసుకోవాలని కొత్తగా నేర్చుకునేవాళ్లు మర్చిపోతారు. వాడు అంతకన్నా కొత్తవాడు.

మెట్ల దగ్గర పిన్ని అడిగింది: "ఇంతకీ మీరు ఎటువైపు?"

"నా వైపు. మీరు పరుగెత్తండి."

గేటు దగ్గర ఎండ మండిపోతోంది. తమ్ముడు క్రేన్ దిమ్మ మీద నిలబడి ఉన్నాడు, చొక్కా చెమటకి తడిసి. గార్డులు అప్పటికే తుపాకులు ఎత్తారు. ఒక గొట్టం సరిగ్గా అతని గుండెకేసి చూస్తోంది. పిన్ని జనాన్ని తోసుకుంటూ వెళ్తోంది. పెద్ద తెర వెలిగింది.

ముప్ఫై అడుగుల ఎత్తున సెక్యూరిటీ ఆఫీసరు ముఖం. మైకుల్లో అతని గొంతే: "నాయకుణ్ణి కాల్చాలి. మా గార్డులు పదిమంది పోయినా పర్లేదు, మనకి సాకు దొరుకుతుంది."

తెర పక్కనున్న ఆఫీసరు తీగ పీకబోయాడు. ముందు వరసలో గార్డు తుపాకీ దించి వెనక్కి తిరిగాడు.

"పదిమందీ ఎవరెవరు సార్? పేర్లు చెప్పండి" అన్నాడు.

పక్కనున్న గార్డులు కూడా తిరిగారు. ఆఫీసరు పరుగెత్తడానికి చోటు వెతుక్కున్నాడు. గేటు మూసింది తనే.

చీఫ్ మనుషులు వచ్చి అతన్ని తీసుకెళ్లేసరికి పావుగంట పట్టింది. తమ్ముడు దిమ్మ దిగి అక్కని చూశాడు. ఆమె ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా అని అతని నమ్మకం.

"అక్కా, నువ్వూ వచ్చావా? చూశావా వాడి సంగతి?" అన్నాడు. కాస్త చిన్నబుచ్చుకుని, "మొన్న నా ఉపన్యాసం కూడా గంటసేపు తీశారు. అందులోంచి ఒక్క ముక్కైనా వెయ్యలేదేంటి?"

"సాగదీశావురా" అంది పిన్ని. "ఎడిటింగ్‌లో పోయింది."