అక్క వంతు

అరుణపురంలో నిద్ర లేవగానే ఎవరూ కాఫీ పెట్టుకోరు. ముందు, వస్తువుల ఆయువు లెక్కగట్టి చెప్పే ఆయుమానిని తీసుకెళ్లి గాలి వడపోతకు ఆనిస్తారు. వడపోత ఇంకా ఎన్నాళ్లు పనిచేస్తుందో విని, తర్వాత నీటి పంపుకి, దీపాలకి ఆనించి, అప్పుడు పొయ్యి దగ్గరికి వెళతారు. అంగారక గ్రహం మీది ఆ కాలనీకి విడిభాగాలు భూమి నుంచి ఓడలో రావలసిందే. ఏ వస్తువు ఎప్పుడు ఆగిపోతుందో ముందుగా తెలియడం అక్కడ అన్నం నీళ్లంత అవసరం.

అరచేతిలో ఇమిడే ఆ పరికరాన్ని కనిపెట్టిన డాక్టర్ అరుంధతి, ఒక ఉదయం పక్కింటి మృణాళిని రమ్మంటే వాళ్లింటికి వెళ్లింది. భోజనాల బల్ల మీద, ఉతికిన తువ్వాలు పరిచి, దాని మీద బూడిదరంగు ప్లాస్టిక్ పెట్టె ఒకటి పెట్టి ఉంది. వందేళ్ల కిందటి వీడియోగేమ్ కార్ట్రిడ్జ్.

"మా అమ్మమ్మదండీ. తోట పెంచే ఆట," అంది మృణాళిని. "నేనూ మా అక్కా వంతులేసుకుని ఆడేవాళ్లం. ఒకళ్లు ఒక పంట తీసి, సేవ్ చేసి ఇచ్చేస్తే, రెండోవాళ్లు ఇంకో పంట. నేనిక్కడికొచ్చాక కూడా ఓడల్లో అటూ ఇటూ పంపించుకున్నాం."

"ఇప్పుడెవరి వంతు?"

"అక్క తన వంతు ఆడేసి కాకినాడ నుంచి పంపింది. ఇది దారిలో ఉండగానే అక్క పోయింది." మృణాళిని తువ్వాలు అంచు సరిచేసింది. "ఏం నాటిందో నేనింకా చూడలేదు. పెడితే తెర మీద ఏమీ రావట్లేదు."

అరుంధతి భూతద్దంలోంచి చూసింది. అంచున ఉన్న ఇత్తడి పిన్నులు పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి.

"పెట్టే ముందు నోటితో ఊదేవారా?"

"ఊదకుండా ఎవరైనా పెడతారా అండీ?"

"ఆ నోటి తడే వీటిని తినేసింది. ఉప్పుగాలి కూడా తోడైంది. ఇక మీద ఊదకు తల్లీ, పుణ్యముంటుంది."

ఆట మాత్రం చెరిగేది కాదు. చెరిగేది తోట. ఎవరు ఎక్కడ ఏ మొక్క నాటారో దాచుకునే చిప్ వేరే ఉంది. పక్కనున్న, ఎప్పుడో ఒకసారి మార్చిన రూపాయి బిళ్లంత బ్యాటరీ సన్నటి ధారగా విద్యుత్తు అందిస్తున్నంత కాలమే దానికి అన్నీ గుర్తుంటాయి. ధార ఒక్క క్షణం తెగినా తోట పోతుంది. పిన్నులు బాగుచేయాలన్నా, బ్యాటరీకి ఆసరా ఇవ్వాలన్నా, లోపలి తీగదారులు టంకం వేసే సోల్డరు వేడికి తట్టుకోవు. వేడి తగలకుండా పనిచేసే సూక్ష్మ మరమ్మతు యంత్రం రాబోయే ఓడలో ఉంది. ఓడ రావడానికి ముప్పై వారాలు.

అరుంధతి ఆయుమానిని పెట్టెకు ఆనించింది.

"ఇరవై ఆరు వారాలు," అంది ఆయుమాని.

మృణాళిని కుర్చీ వీపు పట్టుకుంది.

"తప్పు," అంది అరుంధతి. "ఈ రకం బ్యాటరీకి నా లెక్కలో ఇంకా రెండేళ్లుండాలి."

"ఊళ్లో ఆయుమానులన్నిటిలో ఉన్నది నేనే. ఊరంతా నన్ను వాడిన అనుభవంతో లెక్క సరిచేసుకున్నాను డాక్టర్ గారూ. ఇరవై ఆరు."

"ఇంకోసారి చూడండి," అంది మృణాళిని.

"చూడొచ్చు," అంది అరుంధతి. "కానీ ఇది తరంగం పంపి బ్యాటరీని పలకరిస్తుంది. జవాబు చెప్పడానికి బ్యాటరీ తన ఒంట్లోంచే కొంచెం ఖర్చుపెట్టాలి. పెద్దవాటికి అది లెక్కలోది కాదు. ఇంత ముసలిదానికి లెక్కే. మాటిమాటికీ చూడకు."

"తెలుసండీ. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు. అన్నీ నలిపేస్తే వడ్డించడానికేం మిగులుతుంది?"

మర్నాడు మృణాళిని వడపోత చూసి వస్తూ, చేతిలో ఆయుమాని ఉంది కదా అని ఒక్కసారి పెట్టెకు ఆనించింది. తర్వాత, కల బాగోలేదని. తర్వాత, గదిలో చలి పెరిగిందని. పగలు బట్టలు మడతపెడుతూ మధ్యలో లేచి వెళ్లేది. ఆమె భర్త గోపీనాథ్ భోజనానికి కూర్చుంటూ, "ఇవాళ ఎన్ని మెతుకులయ్యాయి?" అని అడిగేవాడు. మొదట్లో ఆమె నవ్వేది. తర్వాత వడ్డించేసి లేచి వెళ్లేది.

చివరికి పెట్టెని తువ్వాల్లో చుట్టి తనే అరుంధతి ప్రయోగశాలకి పట్టుకెళ్లింది.

"నా దగ్గరుంటే ఇది బతకదండీ. మీరు చదువుకున్న శాస్త్రం ఇది. మీ చెయ్యి ఆగుతుంది."

అరుంధతి పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ తర్వాత మృణాళిని బట్టలన్నీ మడతపెట్టే దాకా లేవలేదు.

ఓడ చెప్పిన వారానికే వచ్చింది. మరమ్మతు యంత్రం పిన్నుల్ని కొత్తవాటిలా చేసింది. మృణాళిని ఇంట్లో పాత ఆటపెట్టెలో కార్ట్రిడ్జ్ పెట్టారు. తెర వెలిగింది, చిన్నప్పటి పాట మోగింది, తోట గేటు కనిపించింది. దాని కింద ఒకే ప్రశ్న ఉంది.

కొత్త తోట మొదలుపెట్టాలా?

పాత తోట పేరు ఎక్కడా లేదు. గోపీనాథ్ పాట చప్పుడు తగ్గించాడు.

అరుంధతి తన సంచిలోంచి ఆయుమానిని తీసింది. "బీరువాలో పెట్టాక ఆ పెట్టెను ఎవరూ ముట్టుకోలేదు. నీ లెక్క ఎలా నిజమైంది?"

"మీరు ముట్టుకున్నారు డాక్టర్ గారూ. చూసేవాళ్లు లేరు కాబట్టి గడువు పెరిగి ఉంటుందని ఆ సాయంత్రమే చూశారు. పెరగలేదేమని మర్నాడు చూశారు. తాళం మీ దగ్గరే ఉంది కదా."

"ఏదో ఒకటి రెండుసార్లు..."

"మృణాళిని గారి కన్నా ఎక్కువ."

మృణాళిని తెర మీంచి చూపు తిప్పలేదు. "ఇలా అవుతుందని మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?" అంది.

"చెప్పాను. ఇరవై ఆరు వారాలని. బ్యాటరీ ఒక్కటే అయితే రెండేళ్లు. కానీ ఈ ఊళ్లో నన్ను పట్టుకున్నవాళ్లలో ఒక్కసారి చూసి ఊరుకున్నవాళ్లు లేరు. అందుకని మాటిమాటికీ ఆనించే చేతిని కూడా లెక్కలో కలిపాను."

మృణాళిని కార్ట్రిడ్జ్ బయటికి తీసింది. కొత్తగా మెరుస్తున్న పిన్నుల్ని పెదవుల దగ్గరికి తెచ్చుకుని, ఒక చివర నుంచి రెండో చివర దాకా ఊదింది. మళ్లీ పెట్టింది. అదే పాట, అదే గేటు, అదే ప్రశ్న.

అరుంధతి ఆమె పక్కకి వచ్చి కూర్చుంది.

"ఇంకోసారి మృణాళినీ," అంది. "ఈసారి కొంచెం గట్టిగా ఊదు."