లూయిస్ మెడ మీది రంధ్రం

మధ్యాహ్నం మూడింటికి లూయిస్‌ను ఫ్రీజర్‌లోంచి తీసి శవపేటికలో పడుకోబెట్టారు. నాలుగింటికి చర్చికి తీసుకెళ్లాలి. బయట ముసురు. గోదారి మీంచి వచ్చే గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటోంది. గదిలో అగరొత్తుల వాసన, దాని కింద పాత మందుల వాసన.

లూయిస్ చెల్లెలు ఫిలోమినా పెట్టెలోకి వంగి చూసింది.

“ముక్కులో దూది పెట్టేవు, బానే ఉంది. మా అన్నయ్య ముక్కుతో గాలి పీల్చి రెండేళ్లయింది కదా వదినా! మెడ దగ్గర వదిలేశావేంటి?”

జోసెఫిన్ నాలుక్కరుచుకుంది. అందరికీ పెట్టినట్టే భర్తకూ పెట్టేసింది.

లూయిస్ మెడలో రూపాయి బిళ్ళంత రంధ్రం. గొంతు ముప్పాతిక మూసుకుపోతే కాకినాడలో చేసిన ఆపరేషన్. ఎప్పటికీ పూడిపోకుండా మెడ చర్మాన్ని లోపలికి మడిచి శ్వాసనాళం అంచులకు కుట్టామని డాక్టరు చెప్పాడు. గొట్టం కూడా అక్కర్లేదు. మాట్లాడాలంటే మాత్రం రంధ్రాన్ని వేలితో మూయాలి. ఒక్క ఊపిరికి ఒక్క మాట. వెంటనే వేలు తియ్యాలి. లూయిస్ చేతులు పడిపోయాక ఆ వేలు జోసెఫిన్‌దే అయింది.

నిన్న ఉదయం, “జోసీ, నేను పోయాక నువ్వు...” అన్నాడు. కుక్కర్ కూత పెట్టింది. ఆమె వేలు తీసి వంటింట్లోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మాట పూర్తి చేసే మనిషి లేడు. అప్పట్నుంచీ అదే గుచ్చుకుంటోంది. నేను పోయాక నువ్వు... ఏమిటి?

“దూదైపోయింది. మెడికల్ షాపుకెళ్లొస్తానుండు,” అని ఫిలోమినా గొడుగు తీసుకుని వెళ్లింది.

కిటికీ రెక్క ఆగింది.

గుర్... గుర్...

కఫం అడ్డుపడ్డప్పటి చప్పుడు. రెండేళ్లుగా ఆమెను నిద్రలోంచి లేపిన చప్పుడు. పెట్టెలోంచి.

లూయిస్ ఛాతీ కదల్లేదు.

“ఏవండీ...” గుసగుసగా అంది. “చెప్పండి.”

చెయ్యి అలవాటుగా ముందుకెళ్లింది. చూపుడువేలు రంధ్రం మీద ఆనింది. చర్మం మంచుగడ్డ. లోపల్నించి వచ్చే గాలి మాత్రం... వెచ్చగా.

పెదవులు విడివడ్డాయి. నిన్న ఆగిన చోటి నుంచే...

“...వేలు తియ్యకు.”

ఆమె తీసేసింది.

ఫిలోమినా వచ్చి, దూది ఉండచుట్టి రంధ్రంలో గట్టిగా కుక్కింది. జోసెఫిన్ చూపుడువేలు కొంగులో చుట్టుకుంది. నాలుగింటికి పెట్టె మూశారు. ఐదున్నరకి మట్టి వేశారు.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ జోసెఫిన్ ఆగిపోయింది. చూపుడువేలి చివర చల్లబడింది. వెచ్చబడింది. మళ్లీ చల్లబడింది... ఆ ఊపిరి వరస ఆమెకు బాగా తెలుసు.

మళ్లీ వెచ్చబడటానికి ఈసారి చాలాసేపు పట్టింది.