వైపర్లకు రెండంగుళాల మార్జిన్

గురువారం సాయంత్రం వానలో, పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద, శ్యాంసుందర్ కారు ముందున్న సిటీ బస్సుకి జానెడు దూరంలో ఆగింది. ఆగాక అతను కిటికీలోంచి బయట పెట్టిన తలని లోపలికి తీసుకున్నాడు. ముందు అద్దంలోంచి రోడ్డు కనపడక, పక్కనున్న అనుపమ ముఖం అర్థం కాక, తడిజుట్టుతో నవ్వబోయి మానుకున్నాడు.

కారు తొంభై తొమ్మిది నాటిది. వైపర్లకు రబ్బరు పోయి రేకు మిగిలింది. అది అద్దం మీద కిర్రుమంటూ ఊగుతోంది. రబ్బరు పోయినా శ్యాంసుందర్ నిబ్బరం పోలేదు. అనుపమకి ఒళ్లు మండేది అక్కడే.

అనుపమ కాకినాడ అమ్మాయి. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతుంది, అక్కడే హాస్టల్లో ఉంటుంది. శ్యాంసుందర్ తండ్రి శివరాములు సిరిసిల్లలో మగ్గం వదిలి, పంజాగుట్టలో మిషను పట్టిన మనిషి. కొడుకుదీ దర్జీ పనే, చేసేది మాత్రం దర్జాగా. అనుపమ జాకెట్టు కుట్టించుకోవడానికి ఆ షాపు మెట్లెక్కి ఏడాదయింది. అప్పటినుంచి జాకెట్లకు హుక్కులు పడుతున్నాయి గానీ, ఆ ఇద్దరి కథకి ముడి పడలేదు.

"వైపర్లు ఎప్పుడు మారుస్తారు శ్యాంసుందర్ గారూ?"

"రేపు పక్కా మారుస్త."

"మూడు వారాల నుంచీ రేపే. మీ నాన్నగారికి మన సంగతి చెప్పడమూ రేపే. ఆ మాట షాపుకొచ్చేవాళ్లకి చెప్పండి, నాకు కాదు."

తర్వాత ఆమె నెమ్మదిగా అసలు సంగతి చెప్పింది. ఆదివారం పొద్దున వాళ్లమ్మ వసుమతి వస్తోంది. సాయంత్రమే బేగంపేటలో రైలెక్కి వెళ్లిపోతుంది. రాజమండ్రి సంబంధం ఒకటి తలుపు తట్టి కూర్చుంది, దానికి ఆవిడ జవాబు చెప్పాలి. చెప్పేముందు ఈ దర్జీ అబ్బాయిని ఒక్కసారి చూస్తానంది.

"మూడున్నరకి హాస్టల్ ముందుండండి. అద్దంలోంచి రోడ్డు కనిపించాలి. మీ నాన్నగారికి విషయం తెలిసుండాలి. రెండింట్లో ఏది తక్కువైనా మేం ఆటోలో పోతాం. ఆపైన మా అమ్మ ఎలా అంటే అలాగే."

గొడుగు విప్పుకుని దిగిపోయింది. వెనక్కి చూడలేదు. చూసినా ఆ అద్దంలోంచి అతనికి కనపడేది కాదు.

శుక్ర, శనివారాలు పెళ్లిబట్టల ఒత్తిడిలో మిషను మీంచి లేవడం కుదరలేదు. ఆదివారం పన్నెండింటికి శ్యాంసుందర్ కత్తెర పక్కన పెట్టి లేచాడు. మెకానిక్ ఇల్లు రెండు సందుల అవతలే. పిలవలేదు. నేనే మారుస్తానన్నాడు, తనే మార్చాలి.

వైపర్ కాడని అద్దం మీంచి పైకెత్తి నిలబెట్టాడు. బ్లేడుని పట్టి ఉంచే క్లిప్పు తుప్పు పట్టి కదలనంది. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి, పది నిమిషాలాగి, చిన్న కత్తెర మొనతో నొక్కాడు. బ్లేడు కిందికి జారి, కాడ చివరి కొక్కెంలోంచి ఊడి చేతికొచ్చింది. ఒట్టి కాడ దెబ్బున వాలితే అద్దం పగులుతుందని సూటుగుడ్డ ముక్క మడత పెట్టి అడుగున పరిచాడు. రెండోదీ అలాగే తీశాడు. టేపు పెట్టి కొలిచాడు. రెండూ పదహారేసి అంగుళాలు.

అమీర్‌పేటలో నజీరుద్దీన్ స్పేర్ పార్ట్స్ షాపు ఉంది. పెద్దాయన బండి పేరు అడిగాడు, మోడల్ అడిగాడు, ఇంచుల సంగతి నేను చూసుకుంటానన్నాడు. పుట్టినప్పటినుంచి కొలతల్లో బతికినవాడు కొలత చెప్పకుండా ఊరుకుంటాడా? శ్యాంసుందర్ నోట్లోంచి పద్దెనిమిది అని వచ్చేసింది.

"పక్కానా భాయ్?"

"పక్కా."

తెచ్చి బిగించాడు. టక్కుమని కూర్చున్నాయి. నీళ్లు చల్లి స్విచ్ వేశాడు. రెండు బ్లేడ్లూ లేచాయి, నడిమధ్యలో ఎదురుపడ్డాయి, కొమ్ములు కలిపిన పొట్టేళ్లలా ఆగిపోయాయి. మోటారు మూలిగింది. ఆపి మళ్లీ వేశాడు. మళ్లీ అంతే. పైన మబ్బు ముసురుకుంది. టైము రెండూ ఇరవై.

లోపల్నుంచి శివరాములు వచ్చి, మెడలో టేపుతో కారు ముందు నిలబడ్డాడు.

"ఎంత కొలిస్తివి?"

"పదారు."

"ఎంత తెస్తివి?"

"పద్దెనిమిది."

శివరాములు కాసేపు కొడుకునీ, కాసేపు వైపర్లనీ చూశాడు. "మార్జిన్ ఇడిస్తివారా? రేపు బండి లావైతే కుట్లిప్పుదమనా?"

అప్పుడు తట్టింది శ్యాంసుందర్‌కి. గుడ్డ ఏదైనా రెండంగుళాలు కలిపి చెప్పడం చేతికీ నోటికీ అలవాటైపోయింది. కొలత ఒప్పే, కలిపిందే ముప్పు. తండ్రి నవ్వుతున్నాడు. ఇంతకంటే మంచి అదను రాదు. ఇంతకంటే చెడ్డ అదనూ రాదు. ఏదైతేనేం, వెనక్కి తగ్గదలుచుకోలేదు.

"బాపూ, అనుపమని ఒక అమ్మాయి. చేసుకుంటే ఆమెనే చేసుకుంట. ఇయ్యాల వాళ్లమ్మను స్టేషన్ల దింపాలె. గందుకే గీ వైపర్లు."

శివరాములు నవ్వు ఆపాడు. మెడలోని టేపు తీసి నిదానంగా చుట్టాడు.

"చేతులు బిగుతైనయని ఒక్క జాకెట్టు మూడుసార్లు తెచ్చిన పిల్లేనా?"

"ఔ."

"నా షాపుల కొలత మూడుసార్లెట్ల తప్పెనని నాకు తిండి సయించలే. నువ్వే కావాలని బిగిస్తివా?"

శ్యాంసుందర్ కారు టైరు వైపు చూశాడు.

"మాట చెప్పనీకి బట్టను బాధపెడ్తరారా? పో, పదారువి పట్కరా. నేను జర అంగీ మార్చుకుంట."

మెట్రోలో ఒక్క స్టేషనే. అయినా చేతిలో వైపర్లు కత్తుల్లా పట్టుకుని వెళుతున్న మనిషికి జనం మర్యాదగా దారిచ్చారు. నజీరుద్దీన్ ముందే తీసి పెట్టిన పదహారంగుళాల జత ముందుకు తోసి, మీ బండి మోడల్ పక్కన ఆ కొలత ముందునుంచే రాసుందని గోడ మీది పట్టిక చూపించాడు.

మూడు ముప్పై ఏడుకి హాస్టల్ ముందు అనుపమ ఆటో ఆపి బేరమాడుతోంది. వాన జోరుగా ఉంది. శ్యాంసుందర్ కారు వచ్చి ఆగింది. అనుపమ ముందు అద్దం చూసింది. వైపర్లు ఎడమకీ కుడికీ వంగి తుడుస్తున్నాయి, గొడవ లేదు. ముందు సీట్లోంచి ఇస్త్రీ అంగీలో పెద్దాయన దిగి, తడుస్తూనే వసుమతికి దండం పెట్టాడు.

"నేను వీని తండ్రిని అమ్మా. మీ బిడ్డ సంగతి జెప్పిండు. గందుకే నేను సుత వచ్చిన."

అనుపమ ఆటో అతన్ని వెళ్లిపొమ్మంది.

తల్లీకూతుళ్లు వెనక కూర్చున్నారు. బేగంపేట దారిలో వసుమతి రోడ్డునే చూస్తూ, వైపర్లు కొత్తవా, ఎవరు బిగించారని అడిగింది. తనే బిగించానన్నాడు శ్యాంసుందర్. అక్కడితో ఆపితే పరువు దక్కేది. ఆపలేదు. మొదట తప్పువి తెచ్చాననీ, అందుకే ఏడు నిమిషాలు ఆలస్యమైందనీ చెప్పాడు. వెనక సీటు చూపే చిన్న అద్దంలో అనుపమ కళ్లు వెతికాడు. అవి కిటికీలోంచి వాన చూస్తున్నాయి.

ప్లాట్‌ఫారం మీద వసుమతి ఫోను తీసింది. ముగ్గురూ వినేలాగే మాట్లాడింది.

"వదినా, రాజమండ్రి వాళ్లకి వద్దని చెప్పెయ్యి. పిల్ల ఇక్కడే చూసుకుంది... బట్టలు కుడతాడు. అవును, టైలరే... తప్పు చేస్తే తనే చెప్పేస్తున్నాడు. నాకు నచ్చాడు."

రైలు వెళ్లిపోయింది. కారు దగ్గరికి వచ్చేసరికి వాన ఇంకా పెరిగింది. శ్యాంసుందర్ తాళం తీశాడు. అనుపమ వచ్చేటప్పటిలాగే వెనక తలుపు మీద చెయ్యి వేసింది. శివరాములు ఆ తలుపు తనే తెరిచి, మోకాళ్లు ముడుచుకుని లోపల కూర్చున్నాడు.

"ముందు కూసో బిడ్డా," అన్నాడు, "నాకు గీడ మస్తుగ ఉంది."